తాళం బయట వేసిన గది

1958లో నేను హిందూపురం మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ని. హోటలైనా, లాడ్జింగ్ హౌసైనా, అంటే బయటివాళ్ళు రోజుల తరబడి దిగి ఉండే ఇల్లైనా, నా రిపోర్టు లేకుండా లైసెన్స్ వచ్చేది కాదు. నీళ్ళు, గాలి, మరుగుదొడ్డి, మంచాల మధ్య ఎడం చూసి అచ్చు ఫారం నింపడం నా పని.

ఆ ఏడు ఒక కొత్తరకం దరఖాస్తు వచ్చింది. ఊళ్ళో ఒకాయన తాగుడు మాన్పించే ఇల్లు నడుపుతున్నాడు. అప్పట్లో మద్యనిషేధం అమల్లో ఉంది. తాగినట్టు బయటపడితే కేసు పెట్టేవారు. అందుకని ఇంటివాళ్ళు ఆసుపత్రికి పోవడానికి జంకి, తమవాళ్ళను గుట్టుగా ఆయనకు అప్పగించేవారు. ఇలాంటి ఇంటికి మా దగ్గర వేరే లైసెన్స్ అంటూ లేదు. డాక్టరున్నాడా, నర్సుందా అని నా ఫారం అడగదు. ఆయన లాడ్జింగ్ హౌస్ కింద దరఖాస్తు పెట్టాడు. పైగా ఒక కౌన్సిలర్‌కు దగ్గరి చుట్టం. పోయి చూడాల్సిన అవసరం లేదు, ఇక్కడే కూర్చుని రాసెయ్యమని మా హెడ్ క్లర్కు చెప్పాడు. నేను సైకిలెక్కాను.

ముందు గదికి కొత్తగా సున్నం కొట్టారు. ఉతికిన దుప్పట్లు పరిచిన మూడు మంచాలున్నాయి, వాటి మీద మనుషుల్లేరు. పెరట్లో మునుపు చెనక్కాయలు నిల్వచేసిన గోడౌన్ ఉంది. తలుపుకు బయట గొళ్ళెం, దానికి తాళం. లోపల ఎవరో దగ్గుతున్నారు.

తెరవమన్నాను. తాళంచెవి తన మనిషి పెనుకొండకు ఎత్తుకపోయాడని, లోపల ఖాళీ గోతాలు తప్ప ఏమీ లేవని ఆయన అన్నాడు. గోతాలు దగ్గవు గదా అన్నాను.

అంతలో వాకిట్లోకి ఒకామె వచ్చింది. ధర్మవరం నుంచి పొద్దుటి రైలుకు వచ్చానని, పేరు సుబ్బమ్మ అని చెప్పింది. భర్త చీరలు నేసేవాడు. చేతులు వణికి పోగులు తెంపుకునే దశకు వచ్చాక తనే తెచ్చి ఇక్కడ వదిలింది. ఐదు రోజుల్లో రెండుసార్లు వచ్చినా ముఖం చూపించలేదట.

"నేనే తెచ్చి అప్పజెప్పితి సార్," అంది. "బాగుచేస్తామంటే నమ్మితి. ఈ పొద్దు చూడకుండా మాత్రం పోను."

ఆమె గోడౌన్ తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. నేనూ టోపీ తీసి ఆమె పక్కన అరుగు మీద కూర్చున్నాను. పెనుకొండ నుంచి తాళంచెవి వచ్చేదాకా ఇద్దరం ఇక్కడే ఉంటామని ఆయనకు చెప్పాను. ఎండ నడినెత్తికి వచ్చింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి తొంగిచూడడం మొదలుపెట్టారు. చివరికి తాళంచెవి ఆయన నడుముకు కట్టుకున్న బెల్టులోంచే బయటికి వచ్చింది.

లోపల నలుగురు మనుషులు. కాళ్ళకు గొలుసులు, గొలుసులన్నీ ఒకే దూలానికి. కిటికీ లేదు. సుబ్బమ్మ భర్త వెంకటేశు భార్యను గుర్తుపట్టలేదు. గోడ మీద లేని పురుగులను చేత్తో దులుపుతున్నాడు. ఆమె ఏడవలేదు. కొంగు తడిపి ఆయన పెదాలు తుడిచి, వెనక్కి తిరిగి ఆ ఇల్లు నడిపేవాడితో ఒక్కమాట అంది.

"ఆయప్ప తాగినాడు. దొంగతనమేం చేయలేదు."

రెండు జట్కాలు పిలిపించి నలుగురినీ ప్రభుత్వాసుపత్రికి చేర్చాను. ఏళ్ళ తరబడి తాగినవాడికి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చని, లేనివి కనిపిస్తాయని, మందులిచ్చి కనిపెట్టుకుని ఉండకపోతే ప్రాణం పోవచ్చని డాక్టరు వివరించాడు. తాగిన కేసు పెడతారని ఆయన పోలీసులకు కబురు పెట్టలేదు.

మర్నాడు ఆ చుట్టం కౌన్సిలర్ నన్ను ఇంటికి పిలిపించాడు. ముందు గది గురించి మాత్రం రాస్తే చాలన్నాడు. నేను అప్పటికే రాశానని, ఫారంలో గడి లేకపోతే అడుగున నా చేత్తోనే ఒక ప్రశ్న వేసి జవాబు కూడా రాశానని చెప్పాను. "ఇందులో ఉన్నవాళ్ళు తమంతట తాము తలుపు తీసుకుని బయటికి రాగలరా? రాలేరు. లైసెన్స్ ఇవ్వరాదు."

"నిన్ను ఈ ఊర్లో ఉండనిస్తానా?" అన్నాడు.

"నన్ను బదిలీ చేయించండి సార్. ఆ రిపోర్టును మాత్రం బదిలీ చేయించలేరు," అన్నాను.

లైసెన్స్ రాలేదు. ఆ ఇల్లు మూతపడింది. నెల తిరగకముందే నన్ను పెనుకొండకు వేశారు.

వెంకటేశు ఆసుపత్రి నుంచి తన కాళ్ళ మీద నడిచి బయటికి వచ్చి, రైలెక్కి ఇంటికి పోయాడు. తర్వాత మళ్ళీ ఒకసారి తాగాడు. సుబ్బమ్మ ఈసారి గుట్టుకు పోకుండా పట్టపగలే డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. రెండేళ్ళకు నేను ధర్మవరం పోయినప్పుడు ఆయన మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు. చేతి వణుకు పూర్తిగా పోలేదని, అంచు ఇప్పటికీ భార్యే సరిచేస్తుందని సిగ్గుపడకుండా చెప్పాడు.

శుభ్రమైన గది చూసి మంచి చోటు అనుకోకూడదని నాకు నేర్పింది ఆ కేసే. ఏ నిబంధనా అడగలేదని నేను కూడా అడగకుండా ఉండకూడదని కూడా. పెనుకొండలో ఏ సత్రానికి, ఏ హాస్టల్‌కు రిపోర్టు రాసినా అడుగున ఆ ప్రశ్న వేసేవాణ్ణి. అది ఫారంలో లేదని పై ఆఫీసులో ఎర్రసిరాతో కొట్టేసేవారు. నేను మళ్ళీ రాసేవాణ్ణి. రిటైరయ్యేదాకా వాళ్ళు కొట్టేయడం మానలేదు, నేను రాయడమూ మానలేదు.