మోటార్ల లెక్క రాసిన మనిషి

మా లైన్ ఇన్‌స్పెక్టర్ సారు పోయారు. పోయిన నెల ఒక పొద్దున, గద్వాలలో డ్యూటీ దిగి చాయ్ తాగుతుంటే నాగర్‌కర్నూలు దవాఖాన నుంచి ఆయన అల్లుడు ఫోన్ చేశాడు. "మా మామ పోయిండన్నా. రేపు కల్వకుర్తి దిక్కు సొంతూర్లనే మన్నుల పెడ్తున్నం. జర జల్ది రా" అన్నాడు. ఏడుపు రాలేదు. మొదట భయమేసింది. ఆ భయం సంగతి చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

ఏడెనిమిదేళ్ళ కింద వనపర్తి పక్క పల్లెల్లో ఒక సబ్‌స్టేషన్‌లో నేను ఆపరేటర్‌ని. స్తంభాలూ తీగలూ చూసుకోవడం ఆయన పని. కానీ ఎవరూ అడక్కుండానే, వచ్చే ఎండాకాలానికి ఎంత కరెంటు కావాలో ముందే రాసిపెట్టేవారు. రోడ్డు మీది హోటల్లో కూర్చుని బోరు బండ్లు ఏ ఊరి దిక్కు పోతున్నాయో లెక్కపెట్టేవారు. కొత్త మిషను పెడుతున్నావా అని పల్లీల మిల్లు సేటును అడిగేవారు. మాఘంలో ముహూర్తాలెన్నని పంతులును కూడా వదిలేవారు కాదు, పెళ్ళిపందిళ్ళ లైట్ల కోసం. "సారు జాతకాలు చెప్తుండు" అని మేం నవ్వేవాళ్ళం. "ఇల్లు అంటుకున్నంక బాయి తవ్వుతరా?" అని ఆయన ఒక్క మాటతో మా నోళ్ళు మూయించేవారు.

ఇల్లు అంటుకోవడమంటే ఏమిటో మాకూ తెలుసు. మార్చి వచ్చిందంటే ట్రాన్స్‌ఫార్మర్లు పేలేవి. కాలే నూనె మీద పడి ఒక లైన్‌మన్ వీపంతా బొబ్బలెక్కింది. వోల్టేజీ పడిపోతే మోటార్లు కాలేవి, మోటార్లు కాలితే మనుషులు కొట్టుకునేవారు. ఒకసారి నా కళ్ళముందే అన్న పారకట్టెతో తమ్ముడి నెత్తి పగలగొట్టాడు, ముందు నేను మోటరేస్తానంటే నేనని. సారు తన తువ్వాల ఆ నెత్తికి చుట్టి, స్కూటర్ మీద దవాఖానకు తీసుకుపోయారు. వచ్చాక చొక్కా మీది నెత్తురు కడుక్కుంటూ, "మనం లెక్క తక్కువ రాస్తిమి, ఆపరేటరూ. దెబ్బలు వాళ్ళు తింటున్నరు" అన్నారు.

లెక్క తక్కువే మరి. సగం మోటార్లు కాయితం మీద లేవు. మా జీపు కనపడితే లైను తీగలకు తగిలించిన దొంగ కొండీలు దిగేవి, స్టార్టర్ డబ్బాలు గడ్డివాముల్లోకి పోయేవి. దాచిన మోటరుకు కరెంటు ఎవరు పంపుతారు? అందుకని ఆ ఏడు సారు ఊరూరూ తిరిగారు. "నిజం జెప్పుండ్రి. ఎవల్నీ పట్టియ్య. పేర్లు పైకి పోవు, ఊరికెన్నో అంతే పోతది. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ అడుగుదాం" అని బతిమాలారు. ఎవరూ నోరు విప్పలేదు. చివరికి ఒక ఊళ్ళో పదిమందీ మాట వినే పెద్ద రైతు ఒకాయన సారును చేనుకు తీసుకుపోయి, గడ్డి తీసి చూపించాడు. "రెండు నడుస్తున్నయ్. నిన్ను నమ్మి జెప్తున్న సారూ" అన్నాడు. ఆయన చెప్పాడని అందరూ చెప్పారు.

ఒకే మోటరును రెండుసార్లు రాయకుండా ఉండాలని సారు తన బుక్కులో పేర్లు రాసుకున్నారు. పైకి మాత్రం మొత్తాలే పంపమన్నారు. నా చేతిరాత బాగుంటుందని సాపు రాసే పని నాకిచ్చి, తెగిన లైను చూడ్డానికి పోయారు. నేను అతితెలివికి పోయాను. పేర్లుంటే కాయితం గట్టిగా ఉంటుంది, పైవాళ్ళు నమ్ముతారనుకున్నాను. పేరు, ఊరు, మోటార్లెన్ని, అన్నీ గీతలు కొట్టి ముత్యాల్లా రాసి పంపించాను.

ట్రాన్స్‌ఫార్మర్ రాలేదు. పోలీసులతో తనిఖీ జీపులు వచ్చాయి. నా జాబితా చేత పట్టుకుని తిన్నగా ఒక్కొక్కరి చేనుకే పోయారు. తీగలు కోశారు, మోటార్లు లారీకెక్కించారు, అడ్డం పడ్డవాళ్ళను లాఠీలతో కొట్టారు. ఊడలు దిగిన పల్లి చేలు నిలువునా ఎండాయి. ఆ రోజే నేను సారుకు నిజం చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. కుర్చీలో కూర్చుండిపోయారు.

మూడోనాడు మిట్టమధ్యాహ్నం రెండు ట్రాక్టర్ల నిండా జనం సబ్‌స్టేషన్ మీద పడ్డారు. మొదటి రాయికే కిటికీ అద్దాలు పగిలాయి. సారు నన్ను కంట్రోల్ రూంలోకి తోసి బయట గొళ్ళెం పెట్టారు.

"మా పేర్లు ఎవడు రాసిండు?" అని అరిచింది ఆ పెద్ద రైతే.

"నేనే రాసిన" అన్నారు సారు.

ఇనుపరాడ్ పడింది. మణికట్టు విరిగిన చప్పుడు నాకు లోపలికి వినపడింది. కంకర మీద పడేసి డొక్కల్లో తన్నారు. నోట్లోంచి నెత్తురు కారుతున్నా ఆయన ఇంకో మాట అనలేదు. నేను తలుపు బాదలేదు. అరవలేదు. నాకప్పటికి ఇద్దరు పిల్లలు. ఆ సాకు ఇన్నేళ్ళు నన్ను బాగానే సాకింది.

దవాఖానలో పోలీసులు కొట్టినవాళ్ళ పేర్లు అడిగారు. "పేర్లు రాస్తె ఏమైతదో సూస్తిమి గద. ఇంక నా నోట పేర్లు రావు" అన్నారాయన. మణికట్టు వంకరగానే అతికింది. మరుసటి ఏడు ఎడమచేత్తో రాయడం నేర్చుకుని మళ్ళీ అవే ఊళ్ళకు పోయారు. ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేదాకా రాస్తూనే ఉన్నారు. వచ్చింది కూడా. నిజం నేను చెప్పేస్తానని ఒకసారి అంటే, "చెప్తె వాళ్ళ పంట మల్లొస్తదా? ఊకో" అన్నారు. ఊరుకున్నాను. నాకూ అదే కావాలి.

సారును పూడ్చే చోటికి ఆ ఊళ్ళవాళ్ళు వస్తారనే నా భయం. వచ్చారు, అంతదూరం ట్రాక్టర్ కట్టుకుని. పెద్ద రైతు ముసలివాడయ్యాడు. గుంతలో మన్ను వేస్తూ, "నా చేత్తోనే ఇరగ్గొట్టిన. అయినా మల్ల మా గడపకొచ్చిండు" అని ఏడుస్తున్నాడు. ఇక నావల్ల కాలేదు.

"ఆ పేర్లు రాసి పంపింది నేను" అన్నాను.

ఆయన నా దిక్కు తిరిగాడు. మన్ను వేసిన చేత్తోనే చెంప మీద కొట్టాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. "గప్పుడెందుకు జెప్పలే?" అన్నాడు. ఎవరూ అడ్డం రాలేదు. ఆయనే వంగి పిడికెడు మన్ను తీసి నా చేతిలో పోశాడు. "ఎయ్యి" అన్నాడు. వేశాను.

తర్వాత అందరూ పక్క చేనులోని బోరు కింద స్నానాలకు పోయారు. మోటరు ఆగకుండా నడుస్తోంది, నీళ్ళు ధారగా పడుతున్నాయి. చెంప మీది ఎర్రమన్నుతో నేను గట్టు మీదే నిలబడ్డాను.