పదిహేడో ఉల్లిగడ్డ

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. మెదక్‌లో డిగ్రీ పిల్లలకు ఏళ్లుగా వృక్షశాస్త్రం చెబుతున్నవాణ్ణి. ఇన్నాళ్లూ ఈ సంగతి రాయనిది భయంతో కాదు, సిగ్గుతో.

పీహెచ్‌డీ కోసం హవేలిఘనపూర్ రైతుల దగ్గర ఇరవై ఉల్లిగడ్డలు తెచ్చాను. వాటి వేళ్ల కొసల్లోని క్రోమోజోముల పొడవులో, ఆకారంలో తేడాలు కొలవాలి. సూక్ష్మదర్శినిలో చూస్తూ బొమ్మ గీయాలి, గీత వంపుల వెంట దారం పరచాలి, ఆ దారాన్ని స్కేలు మీద పెట్టి చూడాలి. మెడలు పడిపోయే పని. పన్నెండు గడ్డలయ్యేసరికి గడువు ముంచుకొచ్చింది. మిగతా ఎనిమిదింటికి స్లైడ్లు చేసి సీలు వేశాను గానీ కొలవలేదు. ఇంట్లో కూర్చుని అంకెలు అల్లేశాను. అన్నీ ఒకేలా ఉంటే అనుమానం వస్తుందని, పదిహేడో గడ్డలో మూడో జతలో ఒకటి పొట్టిదని రాశాను. పట్టా వచ్చింది.

నిరుడు సమీనా అనే విద్యార్థిని ప్రాజెక్టుకు ఆ స్లైడ్లే అడిగింది. కాదనడానికి సాకు దొరకలేదు. వారం తర్వాత బొమ్మ తెచ్చి చూపించింది.

“సార్, పదిహేడుల మూడో జత సమానంగనే ఉన్నది. మీ థీసిస్‌ల ఒకటి పొట్టిగున్నదని రాసిండ్రు గదా?”

“దారం సక్కగ పరుసుడు రాదు గని, నా తప్పులు పడుతున్నవా?” అని క్లాసందరి ముందూ కసిరాను. పాపం, తల వంచుకుని వెళ్లిపోయింది. తర్వాత నేనే స్లైడు చూశాను. ఆ పిల్ల గీసినట్టే రెండూ సమానంగా ఉన్నాయి.

రెండు రోజులు అన్నం సహించలేదు. నిజం చెప్పేద్దామనే మూడో రోజు పొద్దున ల్యాబుకు వెళ్లాను. సమీనా కొత్త బొమ్మతో ఎదురొచ్చింది. అదే స్లైడు, అదే కణం. మూడో జతలో ఒకటి పొట్టిగా ఉంది.

సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టాను. నిజంగానే పొట్టిది. నేనే బొమ్మ గీసి మూడుసార్లు దారం పరిచాను. దశాంశంతో సహా, నేను అల్లిన అంకే వచ్చింది. సీలు చెక్కుచెదరలేదు. ఆమె గీసిన రెండు బొమ్మలూ ఇప్పటికీ నా దగ్గరున్నాయి. ఆ ఒక్క క్రోమోజోము తప్ప రెండింటిలోనూ అన్నీ ఒకేలా ఉంటాయి. ఇదెలా జరిగిందో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు.

“మాఫ్ చేయుండ్రి సార్, మొన్న నేనే తప్పు కొలిచిన” అంది సమీనా. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

స్లైడు తీసి పెట్టెలో పెట్టి మూత వేశాను.

“పోనీతీయ్ బిడ్డా, ఇంకోసారి జర జాగ్రత్తగ ఉండు” అని ఆ పిల్లను క్షమించాను.