తవిటక్క చెప్పిన చివరి భాగం

మొన్న పలాసలో రైలు దిగి రోడ్డు మీదికి రాగానే జీడిపిక్కలు కాల్చే ఘాటు వాసన ముక్కుకు తగిలింది. కళ్ళు మండాయి, గొంతు గరగరలాడింది. పక్కనున్నవాళ్ళు ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం ఆగి, ఊపిరి గట్టిగా లోపలికి పీల్చుకున్నాను. ఆ వాసన వస్తే చాలు, నాకు తవిటక్క గొంతు వినబడుతుంది. "సేతులాపకండే! సేతులాపితే కథాపేత్తాను!"

తవిటక్క మా షెడ్డుకు మేస్త్రీ. పూండి నుంచి ఉదయం పాసింజరులో పలాస వెళ్ళి, సాయంత్రం దాకా జీడిపప్పు మీది ఎర్రటి పొట్టు తీసే ఆడవాళ్ళలో నేనొకదాన్ని. అవి టీవీలు ఇంటింటికీ రాని రోజులు. మాలో టీవీ ఉన్నది తవిటక్క ఒక్కదానికే. ప్రతి ఆదివారం మధ్యాహ్నం భాగాలుగా వచ్చే నాటకం చూసి, సోమవారం మాకు చెప్పేది. చెప్పడమంటే ఉట్టినే చెప్పడం కాదు. చీర కుచ్చెళ్ళు దోపుకుని, తూకం రాయి పక్కన నిలబడి, ప్రతి మనిషీ తానే అయిపోయేది. నేను సినిమాహాల్లో కూడా అంత ఒళ్ళు మరిచి కూర్చోలేదు.

ఆ ఏడాది వచ్చిన నాటకం ఒక కాలేజీ అమ్మాయి కథ. ల్యాబులో ఒంటరిగా ఉన్నప్పుడు తోటి విద్యార్థి ఆమె మీద అత్యాచారం చేస్తాడు. ఆమె వెళ్ళి ప్రిన్సిపాలుకు చెబితే, కాలేజీ పేరు పోతుంది, నోరు మూసుకోమంటాడు. తవిటక్క ఆ ప్రిన్సిపాలైపోయి, లేని కళ్ళజోడు సర్దుకుంటూ, "నువ్వు ఆ టైములో అక్కడికి ఎందుకెల్లేవమ్మా?" అని మెత్తగా అడిగేసరికి షెడ్డంతా భగ్గుమంది.

"ఈడి మొకం మండ! సదువుకోడానికెల్లింది, ఇంకెందుకెల్తాది?" అని నా పక్కన పొట్టు తీస్తున్న లచ్చిమి లేచి నిలబడింది.

"ఆడి కూతురైతే అలగే అడుగుతాడేటి?" అని ఇంకెవరో అరిచారు.

ఆ కోపంలో మా చేతుల్లో పప్పులు పుటుక్కు పుటుక్కున విరిగిపోయేవి. గుండుగా ఉన్న పప్పుకున్న ధర బద్దకు రాదు. ఓ రోజు సావుకారు గంపలు చూసి, "సోమారం వొచ్చిందంటే బద్దలెక్కువైపోతన్నాయి, ఏటి తవిటమ్మా?" అని అడిగాడు. ఆమె తడుముకోకుండా, "ఎండలు బాబూ, పప్పు ఎండిపోతంది" అంది. బయట వాన పడుతోంది! సావుకారు వానకేసీ, ఆమెకేసీ చూసి వెళ్ళిపోయాడు. మేం చెంగులు నోట్లో కుక్కుకుని నవ్వాం. మరుసటి వారం నుంచి తవిటక్క ఓ పద్ధతి పెట్టింది. ప్రశాంతంగా ఉండే ముక్కలన్నీ పనిలో చెప్పేది. కోపం తెప్పించేవి అన్నం తినేటప్పుడు చెప్పేది.

సోమవారం సాయంత్రం నేను ఆ కథను ఇంటికి మోసుకుపోయేదాన్ని. మా అమ్మాయి ఉమ అప్పుడు టెక్కలి కాలేజీలో చదువుతోంది. మా వీధి నుంచి కాలేజీకి వెళ్ళిన మొదటి ఆడపిల్ల అదే. అది పుస్తకం మూసేసి నా ఎదురుగా కూర్చునేది. కొబ్బరికాయలు దింపి వచ్చిన మా ఆయన తాడు పేనుకుంటూ విననట్టు ఉండేవాడు. నేను మధ్యలో ఆగితే మాత్రం, "ఆపేసేవేటి? తర్వాత?" అనేవాడు.

చివరి భాగం చెప్పిన రోజు మరిచిపోలేను. ఆ పిల్ల కోర్టులో నిలబడి అంతా చెప్పేసింది, ఆ కుర్రాడికి జైలుశిక్ష పడింది, ప్రిన్సిపాలు ఉద్యోగం ఊడింది. ఆ పిల్ల మళ్ళీ అదే కాలేజీకి వెళ్ళింది. మొదటిరోజు తండ్రి కూడా వెళ్ళి సాయంత్రం దాకా గేటు బయట కూర్చున్నాడు. తవిటక్క ఆ తండ్రిలా మోకాళ్ళు ముడుచుకుని గుమ్మంలో కూర్చునేసరికి మేం చప్పట్లు కొట్టాం. పొట్టు రేగి గాల్లోకి లేచింది. తుమ్ముతూ, ఏడుస్తూ, నవ్వుతూ చప్పట్లు కొట్టాం.

రెండు రోజుల తర్వాత మా ఆయన పూండి టీకొట్టు నుంచి ఎర్రటి కళ్ళతో వచ్చాడు.

"నాకు అబద్దం సెప్పేవేటే? ఆ గుంటని ఆడికే ఇచ్చి పెళ్ళి సేసీసారట. తండ్రే ఆడి కాళ్ళట్టుకుని బతిమాలాడట. టీవీలో సూసినోలే సెప్పారు. కాలేజీకి పంపితే సివరికి అదీ గతి. రేపట్నుంచి ఉమ ఎల్లదు, అంతే."

ఉమ పుస్తకాలు సంచిలో సర్ది మూలన పెట్టింది. ఆ సర్దడం నేను చూడలేకపోయాను.

పొద్దున్నే షెడ్డుకు వెళ్ళి తవిటక్కను నిలదీశాను. "సివర మార్చీసేవంట. నిజమేనా?"

"నిజమే" అంది ఆమె.

"నీ మాట నమ్మేనక్కా! నా కూతురి సదువు పోతంది!"

ఆమె నన్ను బస్తాల చాటుకు తీసుకెళ్ళింది. "ఒలే పార్వతీ, టీవీలోది మాత్రం నిజమేటి? అదీ ఎవడో కూకుని రాసిందే. ఆడు రాత్తే నిజమూ, నేను సెప్తే అబద్దమూనా?" అని ఆగింది. తర్వాత గొంతు తగ్గించింది. "నన్నూ అలగే ఇచ్చీసారే. పాడు సేసినోడికే ఇచ్చీసారు. ఊరి పెద్దలు కూకుని పరువు నిలబడిందన్నారు. మా నాన్న సంబరపడ్డాడు. ఆడి దగ్గర ఉండనేక పలాస వొచ్చీసి ఈ పొట్టులో కూకున్నాను. మొన్న టీవీలో ఆ తాళి సూసి టక్కున ఆపీసేను. మీ అందరికీ ఆడపిల్లలున్నారు. ఆ సివర మీకెలగ సెప్పనే?"

ఆమె ముఖం తుడుచుకుని, "మీ ఆయన సాయంత్రం ఇంటికాడుంటాడా? నేనూ వత్తాను" అంది.

ఆ సాయంత్రం తవిటక్క మా అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, సూటిగా అడిగింది. "బావా, కథకి రెండు సివర్లున్నాయి. ఒక దాన్లో తండ్రి ఆ ఎదవ కాళ్ళట్టుకున్నాడు. ఇంకోదాన్లో కూతురికోసం గేటుకాడ కూకున్నాడు. మొదటోడు మా నాన్న. నువ్వెవరివి?"

మా ఆయన తాడు పేనడం ఆపాడు.

"అది నాటకం కదేటి" అన్నాడు నెమ్మదిగా.

"నాటకమని తెలిసీ పిల్ల సదువు ఆపీసేవు కదా!"

అప్పుడు ఉమ గుమ్మంలోకి వచ్చింది. "నాన్నా, నాకేదైనా అయితే తప్పు నాదంటావా?" అని అడిగింది. ఆయన తాడు చుట్ట పక్కన పెట్టి, లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు. తవిటక్క చివరి బస్సుకు వెళ్ళిపోయింది. ఏం తేలిందో మా ఎవరికీ తెలియలేదు.

తెల్లారి లేచేసరికి మా ఆయన సైకిలు తుడుస్తున్నాడు. "ఉమా, బేగి రా, బస్సెల్లిపోతాది" అని కేకేశాడు. నేను పరుగున వెళ్ళి సంచి దాని భుజాన తగిలించాను. ఆ రోజు ఆయన పనికి వెళ్ళలేదు. సైకిలు బస్సుల దగ్గర పెట్టి, దానితోపాటే టెక్కలి బస్సెక్కాడు. నాన్న సాయంత్రం దాకా కాలేజీ ఎదుట కూర్చుంటే తనకు సిగ్గేసిందని ఉమ తర్వాత చెప్పింది. సిగ్గేసిందని చెబుతూ ఎంత నవ్విందో!

నాకు మాత్రం తవిటక్క మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. ఎవరో కూర్చుని రాసిందే అయితే, ఆ రాసిందెవరు? అడిగితే, "సివర్న పేర్లు పడతాయి కదే, అందులో ఉంటాది" అంది. "సదవనేను కదా" అన్నాను. "అయితే నేర్సుకో" అని, అన్నాల వేళ నేల మీద పొట్టు చేత్తో చదును చేసి, వేలితో 'అ' రాసింది. అలా నలభై దాటాక నాకు అక్షరాలు వచ్చాయి. ఎర్రటి పొట్టులో రాసుకోవడం, చెరిపి మళ్ళీ రాసుకోవడం. ఉమ పేరు తప్పు లేకుండా రాసిన రోజు షెడ్డంతా వచ్చి చూసింది. లచ్చిమి తన కూతురి పేరు కూడా రాయమంది.

తవిటక్క ఇప్పుడు లేదు. మా ఉద్దానంలో చాలామందిని తీసుకుపోయిన కిడ్నీ జబ్బే ఆమెనూ తీసుకుపోయింది. కానీ ఇవాళ్టికీ టీవీలో ఏ నాటకం అయిపోయినా నేను వెంటనే లేవను. పేర్లు పడేదాకా కూర్చుని, రాసినవాళ్ళ పేరు కూడబలుక్కుని పైకి చదువుతాను. ఆడపిల్లకు అన్యాయం చేసి ముగించారా, ఇంట్లో ఎవరున్నా సరే, ఆ పేరు పెట్టి పిలిచి మరీ, "నువ్వు రాసింది తప్పు బాబూ, సివర అది కాదు, ఇలా కూకో సెప్తాను" అని మొదలుపెడతాను.