తోర్గున్నవ్వ వలయం మీద రాజు ప్రమాణం

కత్తి ముట్టకుండా, ఒక్క కేకతో రాజ్యాన్ని కూల్చిన మనిషి మా యార్విక్ పట్నంలో ఉంది. కల్లుపాక తోర్గున్నవ్వ. నమ్మకపోతే మానండి. సన్యాసుల బడి ఎగ్గొట్టి ఆమె గుమ్మంలోనే పెరిగినవాణ్ణి, నాకు తెలియదూ?

ఆ రోజుల్లో మాకు రాజులు వానాకాలపు పుట్టగొడుగులు. డబ్లిన్ నుంచి ఓడ మీద ఒకడు, దక్షిణం నుంచి గుర్రం మీద ఇంకొకడు. ఎవడొచ్చినా అవ్వ బార్లీ కల్లు పోసేది. ఆమెకున్న ఆస్తల్లా దూలానికి వేలాడే పుల్లల వలయం, మన చుట్టకుదురంత. కల్లు అడుగు మడ్డిలో దాన్ని ముంచి ఆరబెట్టి, కొత్త బార్లీ నీళ్ళలో వేస్తే అవీ పులుస్తాయి. వాళ్ళమ్మ ఒళ్ళో పెట్టుకుని సముద్రం దాటించిన మడ్డి అది. చస్తే మళ్ళీ పుట్టదు.

స్టెయిన్‌గ్రిమ్ రాజైన రోజు చిక్కొచ్చింది. కొత్త రాజు ఎద్దు రక్తంలో తడిపిన వలయం పట్టుకుని జనం ముందు ప్రమాణం చెయ్యాలి. పాత రాజేమో పారిపోతూ వెండి వలయం చంకన పెట్టుకుపోయాడు. పట్నంలో వెండి ఉన్నవాళ్ళంతా దాన్ని నేలలో పాతేసి, లేదన్నారు. రాజు మనిషి ఓస్విఫ్ పాకలోకి దూరి దూలం వైపు చూశాడు.

"అవ్వా, గుండ్రంగానే ఉందిగా. ఓ పూట అరువియ్యి."

"నీ బుర్రా గుండ్రంగానే ఉంది. అది పట్టుకుపో."

వాడు వలయాన్నే పట్టుకుపోయాడు. అవ్వ వెంటపడింది. సభలో అప్పటికే ఎద్దుని బలిచ్చారు, నెత్తురుతో గిన్నె నిండింది. రాజు వలయాన్ని ముంచబోతున్నాడు.

"ఆగవయ్యా బాబూ!" అవ్వ కేకకి రాజు చెయ్యి గిన్నె మీదే ఆగింది. "నెత్తురు తగిలితే నా మడ్డి చచ్చిపోద్ది. పొడిగానే పట్టుకుని చెప్పు. తడిపితేగానీ నిలబడదా నీ మాట?"

జనం పగలబడి నవ్వారు. రాజు పళ్ళు కొరికాడు. కానీ సాయంత్రం విందుకి కల్లు ఆమె పాకదే మరి! పొడి వలయం మీదే ప్రమాణం చేశాడు. చేతిలోంచి దాన్ని లాక్కుని, పైగుడ్డతో తుడిచి, గుండెలకి అదుముకుని అవ్వ ఇంటికొచ్చింది.

మంచు కరగకముందే స్టెయిన్‌గ్రిమ్ ఓడెక్కి పారిపోయాడు. పొడి ప్రమాణం అంటుకోలేదని, అవ్వ శపించిందని, వలయంలోంచి పాము లేచి రాజు వేలు కొరికిందని ఊరూరా చెప్పాను. పాముని నేను చూశాను కూడా.

మొన్న ఆమె ఎదుటే ఇదంతా చెబుతుంటే, బార్లీ కలుపుతూ తల ఎత్తకుండానే అంది:

"పామూ లేదు, శాపమూ లేదు. మర్నాడు బార్లీ నీళ్ళు పులియబెట్టాలి. అందుకని అరిచాను."