ఎనేరియా వాకిట్లో వెనిగర్ బేసిన్

బానీ ఊళ్లో మా వీధి చివర యొకాస్తా అనే ఆవిడ సెలూన్ ఉండేది. ఎనేరియా అక్కడ పదకొండేళ్లు ఆడవాళ్ల తలలు కడిగింది. రోజంతా నీళ్లలో నాని నాని ఆమె చేతిగోళ్లు పచ్చబడి, మందమై, పెళుసుబారాయి. ఒక శనివారం కుర్చీలన్నీ నిండి ఉండగా, యొకాస్తా ఆమె చెయ్యి పట్టుకుని అందరికీ ఎత్తి చూపించింది.

"ఈ గోళ్లతో మీ తలలు ముట్టుకుంటోంది, చూశారా? రేపట్నించి రాకు, ఎనేరియా."

కొందరు నవ్వారు. ఎనేరియా ఏప్రన్ విప్పి, మడతపెట్టి, ఇంటికొచ్చేసింది. పక్కింటిదాన్ని కాబట్టి నాకు తెలుసు, ఆమె ఏడవలేదు. నవ్విన వాళ్ల పేర్లు మాత్రం ఒక్కొక్కటే చెప్పింది.

ఆ సాయంత్రమే వంటింట్లో వైద్యం మొదలైంది. గోరువెచ్చని నీళ్లలో వెనిగర్ కలిపి పావుగంట చేతులు ముంచేది. వేళ్ల సందులు తడి లేకుండా తుడుచుకుని, పగిలిన చర్మానికి కలబంద గుజ్జు రాసుకునేది. పాడైన గోరు పెరిగినకొద్దీ కత్తిరిస్తూ, ఏడు నెలలు ఒక్కరోజూ మానలేదు. కొత్త గోళ్లొచ్చాక వాకిట్లో కుర్చీ వేసి తనే తలలు కడగసాగింది. నవ్వినవాళ్లూ వచ్చారు. వాళ్లకి నీళ్లు కాస్త చల్లగానే పోసేది.

మూడో ఏడు యొకాస్తా వచ్చింది, ఆ ఎండల్లో కాళ్లకి బూట్లు తొడుక్కుని. రెండు బొటనవేళ్ల గోళ్లూ చెడిపోయాయి.

"ఆ మందేదో చెప్పవే, ఎనేరియా. చెప్పులేసుకుని బయటికి రాలేకపోతున్నా."

"చెప్తా. ఇంట్లో చేస్తే మాత్రం పట్టదు. రోజూ పదింటికి నా వాకిట్లో, ఎండలో కూర్చోవాలి."

"అందరూ ఉంటారు కదే."

"ఉంటారు."

ఇంట్లో చేస్తే పట్టదన్నది పచ్చి అబద్ధం. తను నయం చేసుకుంది వంటింట్లోనే. కాలిగోరు చేతిగోరంత తొందరగా పెరగదని కూడా ఎనేరియాకి తెలుసు. అదీ చెప్పలేదు. ఏడాదికి పైగా యొకాస్తా, ఒకప్పుడు తన సెలూన్‌కి వచ్చిన ఆడవాళ్ల ఎదుటే, బేసిన్‌లో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. దారినపోయేవాళ్లు ఏమైందని అడిగితే ఎనేరియానే జవాబిచ్చేది.

"గోళ్లు పుచ్చిపోయాయమ్మా, పాపం."

చివరికి గోళ్లు బాగయ్యాయి. యొకాస్తా పళ్లెం నిండా పాలకోవా తెచ్చింది. ఎనేరియా పళ్లెం అందుకుంది కానీ లోపలికి రమ్మనలేదు.

"ఇప్పుడైనా కడుపు చల్లబడిందా?" అని అడిగాను.

ఎనేరియా కోవా ముక్క నమిలి మింగి, "లేదు," అంది. "దాని చేతిగోళ్లు కూడా చెడి ఉంటే బాగుండేది."