అరవై మూడు చాలన్నాను

పోయిన నెల కరెంటు ఆఫీసు మీద నేను గెలిచానండి. ఓడిపోయి ఉంటే ఎంత బావుండేదో చెప్తాను, టీ తాగుతూ వినండి.

మీకు తెలుసుగా, భీమవరంలో రొయ్యల చెరువులకి మోటార్లు అమ్మే కంపెనీలో నేను ఎలక్ట్రికల్ డిజైన్ చూస్తాను. అంతకుముందు పన్నెండేళ్ళు హైదరాబాద్‌లో అపార్టుమెంట్లకి డ్రాయింగులు గీశాను. మా ఆయనా పిల్లలూ పుణెలో ఉంటారు. పిల్లల్ని నేను ఫోన్లో పెంచుతున్నాను. పొద్దున్నే స్నానానికి వెళ్ళేముందు గీజర్ స్విచ్ ఆపేసి నాకు ఫోటో పంపాలి. ఆ ఫోటో వచ్చేదాకా నాకిక్కడ కాఫీ దిగదు. మా తొమ్మిదేళ్ళ వాడు స్కూల్లో, "మా అమ్మ ఎలక్ట్రికల్ ఇంజనీర్, ఆవిడకి కరెంటంటే భయం" అని చెప్పాడట. నిజమే మరి.

నరసాపురం దారిలో సూర్యనారాయణరాజు గారని ఒక రైతు ఉన్నారు. ఐదు చెరువులు. చెరువుకి ఎనిమిది చొప్పున నలభై ఏరియేటర్లు, అంటే నీళ్ళు చిలికి గాలి కలిపే చక్రాలు. అవి కాక రెండు పంపులు. అన్నిటికీ కలిపి ఆయనకి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. నేను సైటుకి వెళ్ళేసరికి పదకొండు గంటల ఎండ. ఎనిమిదో తొమ్మిదో చక్రాలు తిరుగుతున్నాయి, మిగతావన్నీ ఖాళీ. అన్నీ కలిపి ఎప్పుడూ వెయ్యరా అని అడిగాను.

"ఒక్కోసారి వెయ్యాల్సొస్తుందండి" అన్నారు రాజు గారు.

నేను డైరీలో 'ఒక్కోసారి' అని రాసుకున్నాను. ఎప్పుడు, ఎందుకు అని అడగలేదు. అపార్టుమెంట్లో అన్ని ఫ్లాట్లవాళ్ళూ ఏసీలు ఒకేసారి వెయ్యరు కదా, మొత్తం లోడులో అరవై శాతం పట్టుకుంటే సరిపోతుంది. చెరువులకీ అదే లెక్క వేశాను. అరవై మూడు కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ చాలని తేలింది. రైతుకి అనవసరపు ఖర్చు తప్పించానని మురిసిపోయాను కూడా.

కరెంటు ఆఫీసులో ఏఈ గారు డ్రాయింగ్ చూసి, ఇది గీసిన ఇంజనీరు గారు రాలేదాండి అని అడిగారు. నేనేనన్నాను. అక్కడే నాకు సగం కోపం వచ్చేసింది. అరవై మూడు సరిపోదు, వంద పెట్టాల్సిందే అన్నారాయన. నేను లోడు లెక్కల కోడ్ పుస్తకం తీసి పేజీ చూపించాను. ఆయన పేజీ వైపు చూడలేదు. "ఇది చెరువు మేడమ్, అపార్టుమెంటు కాదు" అన్నారు.

అప్పుడు నేనొక ప్రశ్న అడిగాను. ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

"మీ క్వాలిఫికేషన్ ఏంటండి?"

"డిప్లొమా అండి" అన్నారాయన, ఊరి పేరు అడిగితే చెప్పినంత మామూలుగా.

ఆ రోజే ఆయన పైన ఉండే డీఈ గారికి ఇంగ్లీషులో రెండు పేజీల ఉత్తరం రాశాను. ఎంటెక్ చదివిన ఇంజనీరు డిజైన్‌ని కాదనే అర్హత ఒక డిప్లొమా అధికారికి ఎక్కడిదని. నా సర్టిఫికెట్లన్నీ జిరాక్స్ తీసి జతచేశాను. మూడు వారాలు ఆఫీసు చుట్టూ తిరిగాను. ఈవిడ కోర్టుకి కూడా వెళ్ళేలా ఉందనుకున్నారో ఏమో, డీఈ గారు సంతకం పెట్టేశారు. ఆ సాయంత్రం మా ఎనిమిదో క్లాసు అమ్మాయికి ఆ ఉత్తరం ఫోన్లో చదివి వినిపించాను. మనది కరెక్టయినప్పుడు ఎవరికీ తలొంచకూడదమ్మా అని క్లాసు కూడా పీకాను.

ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది, కరెంటిచ్చారు. అప్పటిదాకా మోటార్లు నడిపిన అద్దె జనరేటర్ ఇంకెందుకండీ, పంపించెయ్యండని రాజు గారికి చెప్పింది కూడా నేనే. ఆయన పంపించేశారు.

నాలుగో రోజు మధ్యాహ్నం, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలబడి ఫోటో దిగి పిల్లలకి పంపుదామని వెళ్ళాను. రెండు రోజులుగా మబ్బు. గట్టు మీదున్న మనుషులు ఒక్కో చెరువుకీ మోటార్లు వేసుకుంటూ వస్తున్నారు. ఇవాళేంటి అన్నీ వేస్తున్నారని అడిగాను. ఎండ లేకపోతే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, ఐదు చెరువులకీ ఒక్కసారే కావాలి అన్నారు రాజు గారు. తెల్లారగట్ల కూడా అంతేనట. 'ఒక్కోసారి' అంటే అదీ. సగం చక్రాలు తిరక్కపోయినా పర్వాలేదని నేననుకున్నాను, అన్నీ తిరిగి తీరాల్సిన గంట అది.

నాలుగో చెరువు మోటార్లు కూడా అందుకున్నాక బ్రేకర్ పడిపోయి అన్నీ ఆగిపోయాయి. అన్ని చక్రాలు చిలుకుతుంటే పక్కమనిషి మాట వినపడదు. అలాంటిది, అవతలి గట్టు మీద ఎవరో దగ్గితే వినపడింది. మళ్ళీ వేశారు, మళ్ళీ పడింది. జనరేటర్ కోసం ఫోన్లు చేశారు. మబ్బు ఆయనొక్కడికే పట్టలేదుగా, జిల్లాలో ఒక్కటీ దొరకలేదు. రొయ్య అప్పటికే నీటి పైకి వచ్చి అంచుల్లో తచ్చాడుతోంది.

పంపులు ఆపలేం కాబట్టి ఈ ట్రాన్స్‌ఫార్మర్ మూడు చెరువులనే మొయ్యగలదని చెప్పాను.

"అయితే ఏ రెండు వదిలెయ్యమంటారండి?" అన్నారు రాజు గారు.

ఎత్తిపొడుపు కాదండి. ఇంజనీరు గారు కదా అని అడిగారు. ఎంటెక్‌లో అది నేర్పరు. ఆయనే చివరి రెండు చెరువులూ చూపించి ముఖం తిప్పుకున్నారు. సాయంత్రానికి ఆ రెండిట్లోనూ తెల్లగా తేలిపోయింది. ఇంకో నెల ఆగితే పట్టుబడికి వచ్చే రొయ్య. వలలతో తీసి గట్టు మీద పోస్తుంటే నేను మోయలేదు, వెళ్ళిపోనూ లేదు. మీరు భోజనం చేశారా అని రాజు గారే అడిగారు.

రైతు అదనపు మోటార్లు వేశాడని రాసేద్దామని మా మేనేజరు ఫోన్ చేశాడు. నేను గట్టున లెక్కపెట్టాను. నలభై. నా డ్రాయింగ్‌లో ఉన్న నలభయ్యే.

మా అమ్మాయి ఫోటో ఏదని అడిగింది. దాచకుండా చెప్పాను. "ఆ ఏఈ అంకుల్ ముందే చెప్పారు కదమ్మా. సారీ చెప్పావా?" అంది. తప్పు చేస్తే ఆ రోజే ఒప్పుకోవాలని దానికి రెండో క్లాసు నుంచీ నేర్పింది నేనే. అప్పటికి రెండు రోజులైంది.

ముందు డీఈ గారి దగ్గరికి వెళ్ళాను. మిగిలిన మూడు చెరువులూ దక్కాలంటే వంద కేవీఏ వెంటనే మార్చాలి. ఆయన ఫైలు తెరిచి నా ఉత్తరం చూపించారు. ఇంత గట్టిగా రాసి సంతకం పెట్టించుకున్నారు, ఇప్పుడు తప్పంటే నేనేం చెయ్యను, డిజైన్‌లో లోపముందని ఏఈ చేత రిపోర్టు రాయించుకు రండి అన్నారు.

ఏఈ గారు నన్ను చూసి కుర్చీ వేయించారు. సారీ చెప్పి, రిపోర్టు సంగతి చెప్పాను. ఆయన రొయ్య ఎంత పోయిందని అడిగారు. చెప్పాను. తర్వాత తెల్ల కాగితం నా ముందుకి తోసి, "ఇంగ్లీషు మీది బావుంటుంది మేడమ్. మీరు రాసివ్వండి, నేను సంతకం పెడతాను" అన్నారు.

రాశాను. నేను ఏ పనీ సగం చెయ్యను కదా. సదరు ఇంజనీరుకి చెరువుల అనుభవం లేదని, క్షేత్రస్థాయి అధికారి సలహాని అహంకారంతో తోసిపుచ్చిందని, ఇలాంటివారికి ఇకముందు డిజైన్లు అప్పగించరాదని పేజీన్నర రాశాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు. ఎర్రపెన్నుతో దాదాపు అంతా కొట్టేశారు. ఎండవేళ మాత్రమే సైటు చూసి లోడు లెక్క తగ్గించారు అన్న ఒక్క వాక్యం మిగిల్చారు.

ఫెయిర్ కాపీ రాసి ఇచ్చాను. కింద నా ఒప్పుకోలు కూడా కావాలి, పేరు, అర్హత, సంతకం. పేరు రాసి సంతకం పెట్టాను. అర్హత దగ్గర ఖాళీ వదిలేశాను. ఆయన కాగితం తిప్పి మళ్ళీ నా ముందు పెట్టారు.

"ఎంటెక్ అని రాయండి మేడమ్. లేకపోతే మీరు తప్పు చేశారంటే డీఈ గారు నమ్మరు."