పాకం షెడ్డులో వాన

మా ఆయనకి ఆవిరి మీద డాక్టరేట్ ఉంది. ఈ మాట నేను చెప్పడం లేదు, పెళ్ళిచూపుల నాటి నుంచీ ఆయనే చెబుతున్నారు. డిట్రాయిట్‌లో ఒక కార్ల కంపెనీలో రేడియేటర్లు డిజైన్ చేసేవారు. ఎనభైల మొదట్లో ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు కొనుక్కున్నాం. అక్టోబరు రాగానే కిటికీలన్నిటికీ ప్లాస్టిక్ షీట్లు అంటించి, తలుపు సందుల్లో నా పాత చీరముక్కలు కుక్కి, మార్చి దాకా గాలన్నది లోపలికి రాకుండా కాపలా కాసేవారు. మా ఇల్లొక్కటే కాదు, అప్పట్లో మాకు తెలిసిన తెలుగువాళ్ళ ఇళ్ళన్నీ అంతే. దీపావళికి వేసిన పోపు వాసన ఉగాదికి కూడా చలికోట్లకి అంటుకునే ఉండేది.

మా ఆయన ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయిన అమెరికన్ పెద్దాయన ఒకరు ఉండేవారు. మా ఇంటి నుంచి గంటన్నర దూరంలో ఆయనకి మేపుల్ చెట్లూ, వాటి మధ్య ఒక పాత రేకుల షెడ్డూ ఉన్నాయి. చలి తగ్గే రోజుల్లో ఆ చెట్లకి చిల్లులు పెట్టి బకెట్లు తగిలిస్తే, నీళ్ళలాంటి రసం కారుతుంది. దాన్ని షెడ్డులో మంచం అంత పాన్‌లో పోసి, కింద కట్టెలు పెట్టి, గంటల తరబడి మరిగిస్తే చివరికి కాస్త పాకం మిగులుతుంది. మిగతాదంతా ఆవిరే. ఆ ఆవిరి పోవడానికి కప్పు నడినెత్తిన తాడు లాగితే తెరుచుకునే తలుపులు ఉండేవి.

నిజానికి పాకం పట్టేది ఆయన భార్య. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఈయన పని కట్టెలు కొట్టడమే. ప్రతి వసంతంలోనూ ఊళ్ళో ఫైర్ స్టేషన్ హాల్లో అందరూ కూర్చుని, దోసెల్లాంటి పాన్‌కేకుల మీద ఈ పాకం పోసుకుని తినే రోజు ఒకటుంటుంది. ఏళ్ళ తరబడి ఆ బల్లల మీద ఆవిడ పాకమే. ఆవిడ పోయాక ఈయన కాచడం మొదలుపెట్టారు. కిందటేడు రేకుల అడుగున ఆవిరి చెమ్మ పట్టి, తుప్పుతో సహా బొట్లు బొట్లుగా పాన్‌లో పడింది. తిన్నవాళ్ళు మర్యాదగానే చెప్పారు. ఈ ఏడు కూడా ఇలాగే అయితే పక్క ఊరి తోట నుంచి తెప్పించుకుంటామన్నారు. పెద్దాయన ఇది మా ఇంట్లో కాఫీ తాగుతూ చెప్పి, "రేకుల కింద ఏటవాలుగా చెక్కలు కొడదామనుకుంటున్నా. బొట్లు గోడవైపు జారిపోతాయి," అన్నారు.

ఆవిరి అన్న మాట చెవిన పడ్డాక మా ఆయన ఊరుకుంటారా! "చెక్కలెందుకు సర్? రేకు ఎందుకు చెమ్మ పడుతోంది? చల్లగా ఉంది కాబట్టి. ఎందుకు చల్లగా ఉంది? గోడల సందుల్లోంచి కోల్డ్ ఎయిర్ వస్తోంది కాబట్టి. సీల్ చేసేస్తే ప్రాబ్లం సాల్వ్డ్!" అన్నారు. పెద్దాయన పాపం తలూపారు. డాక్టర్ చెబుతున్నాడు కదా.

ఆ శనివారమే మూడు కార్లలో బయల్దేరాం. మా ఆయన, ఆయన స్నేహితులు ముగ్గురూ, పులిహోర డబ్బాలూ, నేనూ. నలుగురు మగవాళ్ళు, నలుగురికీ పెద్ద డిగ్రీలు, ఒక్కరికీ సుత్తి పట్టుకోవడం రాదు. అయినా షెడ్డు చుట్టూ ప్లాస్టిక్ షీట్ బిగించి, తలుపు కింద సందులో గోనెసంచులు కుక్కి, చీమ దూరే సందు లేకుండా చేశారు. తమ పనితనం చూసుకుని ఫోటోలు కూడా తీసుకున్నారు.

నాకు అప్పుడే తెలుసు. రోజూ అన్నం వండేదాన్ని, నాకు తెలియకపోవడమేమిటి? మూత బిగించి పెడితే ఆవిరంతా మూతకి పట్టి తిరిగి గిన్నెలోకే కారుతుంది. పొయ్యిలో ఊదితేనే కదా పొగ పైకి పోయేది, కింద గాలే రాకపోతే పైన ఎన్ని తలుపులు తెరిచి ఏం లాభం?

"ఏమండీ, కింద గాలి రాకపోతే ఆవిరి పైకెలా..." అని మొదలుపెట్టాను.

"నువ్వు ప్లేట్లు సర్దు," అన్నారు మా ఆయన.

"వదినగారూ, ఇది హీట్ ట్రాన్స్‌ఫర్ అండీ, కిచెన్ కాదు," అని ఆయన స్నేహితుడొకాయన నవ్వాడు. మిగతా ఇద్దరూ నవ్వారు. పదిమందిలో మొగుడి మాటకి అడ్డు చెప్పకూడదని మా అమ్మ నేర్పి పంపింది. బుద్ధిమంతురాల్ని కదా, ప్లేట్లు సర్దాను.

మర్నాడు మేం మళ్ళీ వెళ్ళాం, పెద్దాయన పొయ్యి వెలిగించారు. ఆ ఏటికి మొదటి రసం, అన్నిటికన్నా తియ్యనిదీ, ఎక్కువదీ అదేనట. గంట గడిచేసరికి షెడ్డులో ఒకరి మొహం ఒకరికి కనపడలేదు. పైన తలుపులు బార్లా తెరిచినా ఆవిరి కదిలితేనా! తర్వాత వాన మొదలైంది. బొట్లు కావు, వానే. ఎర్రటి తుప్పు నీళ్ళు నా కొప్పు మీదా, మా ఆయన కళ్ళద్దాల మీదా, పాన్ నిండా. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. పెద్దాయన గరిటె ఎత్తి చూశారు. బురదలా ఉంది. మంటలోంచి కట్టెలు బయటికి లాగడం మొదలుపెట్టారు.

"ఇంట్రెస్టింగ్! అవుట్‌సైడ్ టెంపరేచర్ ఎక్స్‌పెక్ట్ చేసినదాని కంటే తక్కువుంది," అన్నారు మా ఆయన.

నాకు ఒళ్ళు మండిపోయింది. కత్తిపీట లేదు గానీ, పెద్దాయన చాకు తీసుకుని ఆ ప్లాస్టిక్‌ని నేల నుంచి మోకాలెత్తు దాకా నాలుగు వైపులా చీరేశాను. చల్లగాలి లోపలికి కొట్టింది. కాసేపటికి షెడ్డులో ఉన్న ఆవిరి లేచి పైతలుపుల్లోంచి పోవడం అందరూ చూశారు. ఆ వారమే పెద్దాయన తను అనుకున్న చెక్కలు కూడా కొట్టుకున్నారు. ఆ తర్వాత ఒక్క బొట్టు పడలేదు.

కానీ ఎండలు ముదిరాయి. చెట్లు మొగ్గ తొడిగితే రసం చేదెక్కుతుంది. మరొక్కసారి కాచేసరికే కాలం అయిపోయింది. పాకం తేనె రంగులో చక్కగా వచ్చింది గానీ, వచ్చినవి కొద్ది సీసాలే.

పాన్‌కేకుల రోజున మమ్మల్ని కూడా పిలిచారు. సగం మంది తినకముందే సీసాలు ఖాళీ. వడ్డించే ఆవిడ వచ్చి, "ఈసారి రుచి బాగుంది. కానీ ఇంత తక్కువైతే ఎలా? వచ్చే ఏడు పక్క తోటవాళ్ళకి చెప్పమంటారా?" అని పెద్దాయన్ని అడిగింది. ఆయన ప్లేట్ వంక చూస్తూ కూర్చున్నారు. మా పేరు ఎత్తలేదు.

మా ఆయన ఎత్తుకున్నారు. "యాక్చువల్లీ ఆ రూఫ్ చాలా ఓల్డ్ అండీ. ఆ రేకు క్వాలిటీకి..." అంటూ బల్ల చుట్టూ ఉన్న వాళ్ళకి పాఠం మొదలుపెట్టారు.

"రేకుల తప్పేం లేదు," అన్నాను. నా ఇంగ్లీషు అంతంతమాత్రం, గొంతు మాత్రం హాలంతా వినపడింది. "మంచి రసమంతా మేమే పాడుచేశాం. మావాళ్ళు షెడ్డు మూసేస్తున్నప్పుడు అది తప్పని నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. ఈ పెద్దాయన తప్పు ఏమీ లేదు."

మా ఆయన మొహం మాడిపోయింది. వడ్డించే ఆవిడ మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, "అయితే వచ్చే ఏడు కూడా మీదే పెడతాం," అని పెద్దాయనతో చెప్పి వెళ్ళింది.

పెద్దాయన నా వైపు తిరిగారు. "నీకు తెలుసా? మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"మా ఆయన స్నేహితులంతా ఉన్నారని," అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. "ఆ షెడ్డు నా భార్యది. అక్కడ ఆవిడ మాటే చెల్లేది," అన్నారు.

తిట్టినా బాగుండేది. నాకు ఏడుపు ఆగలేదు. మా ఆయన లేచి, కారు స్టార్ట్ చేస్తానంటూ బయటికి వెళ్ళిపోయారు.